గీ కుప్ప ఎవలిది?

వెనక్కి తిరిగి నిలబడటంలో రహమాన్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు. ఏడాదికి రెండు రోజులే ఆ పని. తుమ్మల చెరువులో పెద్ద వల లాగిన రోజు, పాళ్లు పంచే వేళకు, సైకిల్ షాపులో చేతుల మసి కడుక్కొని, ఉతికిన అంగీ తొడుక్కొని కట్ట ఎక్కుతాడు. కుప్పలకు వీపు పెట్టి, వంకర తుమ్మచెట్టుకు ఎదురుగా నిలబడతాడు. భుజం మీది తువ్వాల తీసి కళ్లకు కట్టుకుంటాడు. కళ్లకు కట్టుకొమ్మని ఎవరూ చెప్పలేదు, వీపు తిప్పితే చాలు. ఆ తువ్వాల రహమాన్ తన సొంతంగా చేర్చుకున్న నిజాయితీ.

ఆ చెరువు మీద ముప్పై రెండు ఇళ్లు బతుకుతాయి. గంగపుత్రుల వాడ అంతా ఒకటే వీధి, బడి దగ్గర మొదలై చెరువు తూము దగ్గర ఆగిపోతుంది. వలలో పడ్డ పెద్ద పెద్ద బొచ్చెలు, రౌటలు కాంట్రాక్టరు ఐసు బండిలోకి పోతాయి. మిగిలినవి, అంటే సర్కారు పోసిన పిల్లలు కాకుండా చెరువు తానే కన్న కొర్రమట్టలు, జెల్లలు, పరకలు, ఇంటింటికీ తినడానికి పాలు పంచుతారు. ముప్పై రెండు ఇళ్లకు ముప్పై రెండు కుప్పలు. ముసలి గట్టయ్య కర్రతో ఒక్కో కుప్పను ముట్టి, "గీ కుప్ప ఎవలిది?" అని అరుస్తాడు. వెనక్కి తిరిగి ఉన్నవాడు ఒక ఇంటి పేరు చెబుతాడు. ఆ ఇల్లు ఆ కుప్ప ఎత్తుకుంటుంది. చూడనివాడు చెప్పాడు కాబట్టి ఎవరూ ఎవరినీ అనడానికి లేదు. చెప్పేవాడికి చెరువులో పాలు, అంటే వాటా, ఉండకూడదన్నది తాతలనాటి కట్టుబాటు, అందుకే ఆ పని వాడ బయట ఉన్న పంక్చర్ షాపు వాళ్లది. రహమాన్ కంటే ముందు వాళ్ల అబ్బా సాదిక్ చెప్పేవాడు.

ఆ రోజు మొదటి వల. వైశాఖపు ఎండ పదింటికే మాడు పగలగొడుతోంది. ఐసు బండి కట్ట దిగిపోయింది. బురద, నాచు, చేపల జిగురు కలిసిన వాసన గాలిలో బరువుగా నిలబడింది.

"గీ కుప్ప ఎవలిది?" అని అరిచాడు గట్టయ్య.

"ప్రేమ్‌సాగర్‌ది!"

"గీ కుప్ప ఎవలిది?"

"హనుమంతుది!"

అలా ముప్పై రెండు. రహమాన్ గొంతు ఎక్కడా తడబడదు. పేరుకూ పేరుకూ మధ్య ఒక్క క్షణం కూడా ఆలోచించడు. ఆఖరున "భూమవ్వది!" అనేసి, తువ్వాల విప్పి, వెనక్కి చూడకుండా కట్టకు అవతలి పక్కనుంచి దిగిపోతాడు. ఎవరికి ఏ కుప్ప పడిందో కూడా తన కన్ను పడకూడదని. దాని గురించి టీ కొట్టు దగ్గర పదిమంది మెచ్చుకుంటే విని మొహం తిప్పుకొని నవ్వుకుంటాడు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా.

ఇంటికి చేరేలోపే హనుమంతు బకెట్టుతో వచ్చాడు. అందులో మోచేయంత కొర్రమట్ట, ఇంకా ప్రాణంతోనే ఉంది.

"అధ్యక్షుడు పంపిండు భాయ్. నీ వంతు."

చెప్పినందుకు ఒక చేప, అది పద్ధతి. చేపల సొసైటీ అధ్యక్షుడు ప్రేమ్‌సాగర్‌కు పద్ధతి అంటే ప్రాణం. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, నోట్లో ఎప్పుడూ ఆ మాటే. నాలుగేళ్ల కింద అధ్యక్షుడైన నాటి నుంచి కుప్పలు వేసే శ్రమ కూడా పాపం ఆయనే నెత్తిన వేసుకున్నాడు.

భార్య బిల్కీస్ కొర్రమట్టకు బూడిద అద్ది, జారకుండా పట్టుకొని, తల మీద ఒక్క దెబ్బ వేసింది. కత్తిపీట ముందు కూర్చొని పొలుసు గీకి, ముక్కలు కోసి, ఉప్పు పసుపు పట్టించింది. చింతపండు పులుసు తెర్లుతుండగా వాకిట్లో ఎవరో దగ్గారు.

భూమవ్వ. వాడకు ఆఖరి ఇల్లు ఆమెది, తూము పక్కన. పెనిమిటి సమ్మయ్య పోయి నాలుగేళ్లయింది. ఊరి వలలన్నీ ఆమే బాగుచేస్తుంది. నైలాన్ దారం కోసి కోసి ఆమె చూపుడువేలు మీద నల్లగా గాడి పడింది. చంకలో సిల్వర్ బేసిన్, దాని మీద కొంగు కప్పి ఉంది.

"రహమాన్ తమ్మీ, ఒక్కటి అడుగుదామని వచ్చిన."

"రా అక్కా, కూసో."

ఆమె కూర్చోలేదు. కొంగు తీసి బేసిన్ ముందుకు చాపింది.

"గివ్వి తీస్కోని నీ కొర్రమట్ట నాకియ్యి. మా బిడ్డ నవ్యశ్రీకి పెద్దపల్లి దవాఖానల కడుపు కోసి కాన్పు చేసిండ్రు గదా. తొమ్మిది దినాలాయె, కుట్లకాడ ఇంకా చెమ్మనే ఉన్నది. కొర్రమట్ట ఉడకబెట్టి పెడితె తొందరగ మానుతదంటరు."

రహమాన్ బేసిన్‌లోకి చూశాడు. నాలుగు జిలేబీ చేపలు, అరచేయంత కూడా లేవు. ఒకదానికి కన్ను లేదు. ఒకదాని పొట్ట పగిలి లోపలిది బయటికి వచ్చింది. మిగతా అడుగంతా బురద కలిసిన పరకలు, వేలితో నొక్కితే గుంట పడేటంత మెత్తబడినవి. వల కింద నలిగి, ఎండకు పడి ఉన్నవాటిని చేటతో ఊడ్చి పోసినట్టున్నాయి. ఈగలు లేచి మళ్లీ వాలాయి. ఆ వాసనకు రహమాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గిదేంది?"

"నా పాలు."

"మొత్తమా?"

"మొత్తమే. గింతకు మించి ఇంకేమున్నది."

ఇరవై ఏళ్లుగా పేర్లు చెబుతున్నాడు గానీ రహమాన్ ఒకరి పాలు కళ్లారా చూడటం అదే మొదటిసారి. ముప్పై రెండు కుప్పలూ ఒక్క తీరుగా ఉంటాయని, ఒక చేప అటో ఇటో తేడా అని అనుకునేవాడు. కుప్పలు వేసే సమ్మయ్య బతికున్నప్పుడు అలాగే ఉండేవి. గంప పట్టుకొని వరుసగా తిరుగుతూ ఒక్కో కుప్పకు ఒక్కో చేప వేసుకుంటూ పోయేవాడు, గంప ఖాళీ అయ్యేదాకా.

"నీ అదృష్టం గట్లున్నదక్కా," అన్నాడు. "నేను చూసి చెప్తనా? కండ్లకు కట్టుకుంట గదా."

"అదృష్టమైతె ఒక్కపారి గిట్లుంటది, ఒక్కపారి గట్లుంటది. నాలుగేండ్ల సంది ఆఖరు కుప్ప నాకే ఎట్ల వస్తున్నది తమ్మీ?"

కోపంగా అడగలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది. బిల్కీస్ లోపలి నుంచి గిన్నెతో వచ్చింది.

"అయ్యో భూమక్కా, జర ముందుగాల వస్తె పచ్చిదే ఇద్దును. మొత్తం పులుసుల పడ్డది. గీ గిన్నె తీస్కపో."

"బాలింతకు కారం, పులుసు పెట్టద్దు బిడ్డా. పచ్చిదైతె ఎల్లిపాయేసి ఉడకబెడుదు." భూమవ్వ మళ్లీ కొంగు కప్పింది. "పోనీ తియ్యి. ఎల్లుండి రెండో వల ఉన్నది గదా. చూస్త."

రెండో వలే ఆఖరిది. ఆ తర్వాత చెరువులో గుంటలు తప్ప నీళ్లుండవు, మళ్లీ వానలు పడి చేప ఎదిగేదాకా ఏడాది.

ఆమె పోయాక రహమాన్ అన్నం ముందు కూర్చున్నాడు. ముక్క తెల్లగా, నడుమ ఒక్క ముల్లుతో, వేలు తగిలితే విడిపోయేలా ఉంది. నోట్లో పెట్టుకున్నాడు. పులుసు వాసన రావలసిన చోట ఆ బేసిన్ వాసన వచ్చింది. నమలలేక, మింగలేక, అరచేతిలోకి ఊసేశాడు.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?"

"ఉప్పు మంచిగనే ఉన్నది," అన్నాడు రహమాన్, పళ్లెం పక్కకు తోస్తూ.

*

తెల్లవారి బిల్కీస్ చేటలో బియ్యం పోసుకొని వాకిట్లో కూర్చుంది. రహమాన్ ట్యూబుకు గాలి కొడుతున్నాడు. ఇల్లూ షాపూ ఒకటే, కట్ట కిందే.

"భూమక్క అడిగినదానికి రాత్రంతా ఫికర్ చేసిండ్రా?" అంది బిల్కీస్. "ఒకటి చెప్పనా. నిన్న మీరు కట్ట మీద పేర్లు చెప్తుంటె, నేను ఈడ మసాలా నూరుకుంట మీకంటె ముందు చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"పేర్లు. ప్రేమ్‌సాగర్, హనుమంతు, లచ్చయ్య, పెద్ద రాజయ్య..." బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా, ఒక్కటీ తప్పకుండా చెప్పుకుంటూ పోయింది. నడుమ గట్టయ్య పేరు వచ్చింది. చివరికి అంబదాస్, ఆ వెనుక భూమవ్వ. "ఏండ్ల సంది వింటున్న. పోరగాండ్లు ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క తీరుగనే చెప్తరు. నాకే నోటికొచ్చిందంటె, ఆడ నిలబడి వినేటోల్లకు రాదా?"

పంపు రహమాన్ చేతిలో ఆగిపోయింది.

ఆ వరుస ఆయన కల్పించింది కాదు. చిన్నప్పుడు అబ్బా వెనుక వాడలో నడుస్తూ నేర్చుకున్నాడు. బడి దగ్గర మొదటి గడప నుంచి తూము దగ్గర ఆఖరి గడప దాకా. ఒక్క ఇల్లూ మరిచిపోకూడదు కాబట్టి ఇళ్ల వరుసనే పట్టుకున్నాడు. ముప్పై రెండు పేర్లు, ఒక్కటీ తప్పిపోకపోవడమే గొప్ప అనుకున్నాడు. అందులో తప్పేముంది? కుప్పలు వేసేవాడు సమ్మయ్య అయినంతకాలం ఏ తప్పూ లేదు. వేసేవాడికి వరుస నోటికి వస్తే మాత్రం, మొదటి కుప్ప తనదని, ఆఖరి కుప్ప భూమవ్వదని వాడికి ముందే తెలుసు. ఆ ముందు తెలిసినవాడికి రహమాన్ తువ్వాల ఏం అడ్డం?

అప్పుడు ఇంకోటి కూడా గుర్తుకొచ్చింది, గుర్తుకు రాకపోతే బాగుండేది. వల లాగే రోజు అబ్బా తెల్లవారకముందే లేచి వాడలో ఒక చుట్టు తిరిగేవాడు. ఎదురుపడ్డ మొదటి మనిషిని పలకరించి వెనక్కి వచ్చేవాడు. ముసలాయనకు మాటల పిచ్చి అనుకునేవాడు రహమాన్. ఆ పొద్దు పేర్లు ఆ మనిషి ఇంటి నుంచే మొదలయ్యేవి. ఒక ఏడు నడుమ నుంచి, ఒక ఏడు కింది నుంచి. కొడుకు పేర్లన్నీ పట్టుకున్నాడు, ఆ ఒక్క నడక వదిలేశాడు. తన మీద తనకే రోత పుట్టింది.

పదకొండింటికి గట్టయ్య సైకిల్ తోసుకుంటూ వచ్చాడు, వెనక చక్రం కూలబడి ఉంది. రహమాన్ మాట్లాడకుండా టైరు ఊడదీసి, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట వేలు పెట్టాడు. గరుకు కాగితంతో రుద్దుతూ, తల దించుకొనే అడిగాడు.

"గట్టయ్య కాకా, మొదటి కుప్పకూ ఆఖరు కుప్పకూ తేడా ఎంతుంటది?"

గట్టయ్య బీడీ తీసి, చెవి దగ్గర నలిపి, వెలిగించుకున్నాడు.

"గిప్పుడెందుకు గది?"

"చెప్పు కాకా. కర్ర పట్టేది నువ్వే గదా."

"కర్రనే పడుత. కుప్పలేసేది ప్రేమ్‌సాగర్. పేర్లు చెప్పేది నువ్వు. నడుమల నాదేమున్నది?"

"నాకు ఎర్క లేకుండె."

గట్టయ్య పొగ వదిలి, కళ్లు చిట్లించి ఆయనకేసి చూశాడు. అది నమ్మే చూపు కాదు. తర్వాత మెల్లగా నమ్మకం వచ్చింది, దాంతోపాటు జాలీ వచ్చింది. జాలే ఎక్కువ బాధపెట్టింది.

"నిజంగనా? వాడకంత ఎర్కే గదర రహమానూ. పొద్దుగాల లేస్తె అందరం చూస్తనే ఉన్నం. పిల్లి కండ్లు మూసుకోని పాలు తాగినట్టు నువ్వు తువ్వాల కట్టుకుంటున్నవనుకున్నం."

"నేనా?"

"మరి కొర్రమట్ట? మీ నాయినకు ఏ చేప చేతికొస్తె గది పడేసేటోల్లం. ఒకేడు జెల్ల, ఒకేడు పరకలు. నీకు నాలుగేండ్ల సంది కొర్రమట్టనే వస్తున్నది. ఎందుకనుకున్నవ్?"

రహమాన్ రబ్బరు ముక్కకు గమ్ము పూసి, ఊది, ట్యూబు మీద అతికించి, బొటనవేలితో నొక్కిపట్టాడు. చాలాసేపు నొక్కిపట్టాడు.

"ఇజ్జత్‌తోని ఇస్తున్నరనుకున్న కాకా."

గట్టయ్య నవ్వలేదు. అక్కడ నవ్వి ఉంటే రహమాన్ కాస్త తట్టుకొని ఉండేవాడు. సైకిల్ ఎక్కుతూ ముసలాయన, "నన్ను నడుమల గుంజకు. మింగుమంటె కప్పకు కోపం, ఇడువుమంటె పాముకు కోపం," అని మాత్రం అన్నాడు. చిల్లర తీయబోతే రహమాన్ వద్దని చెయ్యి ఊపాడు.

సాయంత్రం కట్ట మీద పెద్ద వల ఆరేసి ఉంది. భూమవ్వ దాని నడుమ కాళ్లు చాపి కూర్చొని, బొటనవేలి సందులో వల పట్టుకొని, వెదురు సూదితో తెగిన కన్నును కన్నుకు కలుపుతోంది. రేపటి వలకు ఆ చినుగు మిగిలితే ముందు జారిపోయేవి కొర్రమట్టలే. ఏ ఇంటి పొయ్యి మీదికో పోయే చేపకు ఆమె కూర్చొని దారి మూస్తోంది. రహమాన్ ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, నాకు ఎర్క లేకుండె."

సూది ఆగలేదు. ముడి వేసింది, పంటితో దారం తెంపింది.

"గట్టయ్య చెప్పిండు, నువ్వు అడిగినవని." ఇంకో కన్ను వెతుక్కుంది. "నీకు ఎర్కుంటె నేను తిట్టుకుంటనన్న ఉందును. గిప్పుడు తిట్టుకునేదానికి గూడ లేకపాయె."

రహమాన్ ఆ వల అంచు వెంట నడిచి కిందికి దిగాడు.

*

రెండో వల రోజు రహమాన్ చీకటి విడవకముందే లేచి వాడలోకి నడిచాడు, అబ్బా లాగా. ఎదురుపడ్డ మొదటి మనిషి ఇంటి నుంచి మొదలుపెట్టాలి, అంతే అనుకున్నాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో బడి ముందు గడపలో ప్రేమ్‌సాగర్ పళ్లు తోముకుంటూ కనిపించాడు.

"ఏంది భాయ్, గింత పొద్దుగాల్నే?"

"ఉత్తగనే సేటూ. నడుద్దామని."

"మంచిగ నడువు. పది గొట్టంగ కట్ట మీదికి రా. పద్ధతిగ వచ్చి పద్ధతిగ పోదం."

అబ్బా నడకను నమ్ముకొని వస్తే అది తీసుకెళ్లి మళ్లీ అదే గడపలో నిలబెట్టింది. అబ్బా కాలంలో కుప్పలు సమానంగా ఉండేవి, ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే. ఇప్పుడు దొంగ వాడ మొదట నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. రహమాన్ ఆగకుండా నడిచాడు. ముప్పై రెండు గడపలూ దాటి తూము దగ్గర ఆఖరి ఇంటి ముందు ఆగాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. దండెం మీద బాలింత గుడ్డలు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, ఒక్కో ఇల్లూ చూసుకుంటూ, పెదవులు కదుపుతూ వచ్చాడు.

వల పొద్దెక్కేదాకా లాగారు. అటు పదహారు మంది, ఇటు పదహారు మంది తొడల దాకా బురదలో దిగి, నడుములకు తాళ్లు చుట్టుకొని, "ఐలేసా" అంటూ ఒడ్డుకు లాగారు. వల అంచున తేలే బెండ్లు వంపు తిరిగి దగ్గరపడేసరికి లోపలి నీళ్లు ఉడికినట్టు కుతకుతలాడాయి. ఐసు బండి పోయింది. ప్రేమ్‌సాగర్ ప్యాంటు మడతలు పెట్టుకొని, తెల్ల చొక్కాకు మరక అంటకుండా, ఇద్దరితో కుప్పలు వేయించాడు.

రహమాన్ వచ్చి తుమ్మచెట్టుకు ఎదురుగా నిలబడ్డాడు. తువ్వాల భుజం మీదే ఉంచుకున్నాడు. అది చూసి ఎవరో చిన్నగా దగ్గారు.

"గీ కుప్ప ఎవలిది?"

"భూమవ్వది."

అరవలేదు, మామూలుగానే చెప్పాడు. అయినా కట్ట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడింది. ఒక కొంగ రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

"మల్ల అడుగు గట్టయ్యా," అంది ప్రేమ్‌సాగర్ గొంతు, ఇంకా మెత్తగానే. "భాయ్‌కి వినబడనట్టున్నది."

"గీ కుప్ప ఎవలిది?"

"భూమవ్వది."

వెనుక అడుగుల చప్పుడు. చెప్పులు లేని పాదాలు, తొందర లేని నడక. తర్వాత సిల్వర్ బేసిన్ నేల మీద పెట్టిన మోత, అందులో బరువైన చేపలు పడ్డ మోత. ఒకటి తోక కొట్టింది. పేరు చెప్పి, కుప్ప ఎత్తాక, ఇక దాన్ని మార్చడానికి లేదు. అది కూడా పద్ధతే.

"ఆగుండ్రి," అన్నాడు ప్రేమ్‌సాగర్. ఈసారి మెత్తదనం పోయింది. "గిట్ల తల్లకిందులు చెప్తె ఎట్ల? తాతలనాటి సంది ఒక పద్ధతున్నది."

"అవు, గదేంది?" అన్నాడు రెండో గడప హనుమంతు. "ఇన్నేండ్లు లేంది గిప్పుడెందుకు?"

ఇంకో ఇద్దరు ముగ్గురు వంత పాడారు, అందరూ బడి దిక్కు వాళ్లే. తూము దిక్కు వాళ్లు నోరెత్తలేదు. మంచి కుప్ప తమకు పడబోతోందని తెలిసి కూడా నోరెత్తలేదు. దానికే రహమాన్‌కు ఎక్కువ అసహ్యం వేసింది. ఆ నిశ్శబ్దంలో గట్టయ్య కర్ర నేల మీద ఠక్కుమంది.

"గీ కుప్ప ఎవలిది?"

గట్టయ్యకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని తర్వాత చాలామంది అనుకున్నారు. ఆయన ఇల్లు వాడ నడుమ ఉంటుంది. బడి నుంచి లెక్కపెట్టినా తూము నుంచి లెక్కపెట్టినా ఆయనకు పడేది నడిమి కుప్పే. న్యాయం అలాంటివాళ్లకు కాస్త సులువు.

"అంబదాస్‌ది," అన్నాడు రహమాన్.

అలా ఒక్కో గడపా దాటుకుంటూ వచ్చాడు. వేసేవాడు ఎవరి కోసం వేశాడో వాళ్లకు పడనివ్వకుండా, కళ్లు తెరుచుకొని, ఎదురుగా తుమ్మ బెరడు మీద పాకుతున్న చీమలను చూస్తూ చెప్పాడు. కావాలనే చెప్పాడు. తాను ఇక చూడనివాడు కాదని ఆయనకు తెలుసు.

"గీ కుప్ప ఎవలిది?"

"ప్రేమ్‌సాగర్‌ది."

ముప్పై రెండోది. అప్పుడు ప్రేమ్‌సాగర్ నవ్వాడు.

"గది నేనేం చేసుకోను? కుక్కలకెయ్యిండ్రి," అని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని కట్ట దిగిపోయాడు.

రహమాన్ ఇరవై ఏళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగాడు. కుప్పలు ఎత్తుకుపోయిన చోట నేల మీద తడి గుండ్రాలు మిగిలాయి, ఇంకా ఎండలేదు. మొదటిది జల్లెడంత. దాని పక్కది కొంచెం చిన్నది. ఆ పక్కది ఇంకొంచెం చిన్నది. అలా తగ్గుకుంటూ తగ్గుకుంటూ కట్ట చివరికి పోయేసరికి, ఆఖరున పడి ఉన్నవి నాలుగు నలిగిన జిలేబీలు, గుప్పెడు బురద పరకలు. ఎవరో విజిల్ వేస్తే ఒక కుక్క వచ్చింది. వాసన చూసి, ఒకదాన్ని నోట పట్టి, మళ్లీ వదిలేసింది. కుక్క కూడా వద్దన్నదాన్ని నాలుగేళ్లుగా భూమవ్వ కొంగు కింద ఇంటికి మోసుకెళ్లింది. రహమాన్ పక్కకు పోయి తుమ్మ మొదట్లో కక్కుకున్నాడు.

*

పొద్దు వాలుతుండగా హనుమంతు బకెట్టు తెచ్చి వాకిట్లో పెట్టాడు. లోపల కొర్రమట్ట, మొన్నటిదానికంటే పెద్దది. బకెట్టులో పట్టక వంకర తిరిగి ఉంది.

"అధ్యక్షుడు పంపిండు. జరిగింది జరిగింది, మనసుల పెట్టుకోవద్దన్నడు. వచ్చే యేడు గూడ నువ్వే చెప్పాల్నట." హనుమంతు గొంతు తగ్గించాడు. "మునుపటి లెక్కనే చెప్తె మంచిగుంటదన్నడు."

బిల్కీస్ గడపలో నిలబడి భర్త మొహం చూసింది. కత్తిపీట కోసం లేవలేదు. హనుమంతు పోయాక రహమాన్ బకెట్టు ఎత్తుకొని వాడలోకి నడిచాడు. గడపల్లో కూర్చున్నవాళ్లు చూశారు. కొందరి ఇళ్లలోంచి పులుసు వాసన వస్తోంది. తూము దగ్గర ఆఖరి ఇంటి ముందు బకెట్టు దించాడు.

భూమవ్వ బయటికి వచ్చింది. చేతికి ఎల్లిపాయ పొట్టు అంటుకొని ఉంది. లోపల కుండలోంచి పసుపు నీళ్లు పొంగుతున్న చప్పుడు.

"గిది తీస్కో అక్కా. రేపటికి పనికొస్తది."

ఆమె బకెట్టులోకి చూసింది, రహమాన్ మొహంలోకి చూసింది.

"నాది నాకు వచ్చింది తమ్మీ. రెండు కొర్రమట్టలున్నయి నా పాలల్ల, పోరి పొద్దుమీకి కొంచెం తిన్నది గూడ." చేతులు కొంగుకు తుడుచుకుంది. "గిది నాది గాదు. ఎవలిదో అడిగి వాల్లకియ్యి."

తలుపు వేయలేదు గానీ లోపలికి పోయింది, కుండ పొంగుతోందని.

రహమాన్ బకెట్టు తీసుకొని వెనక్కి వచ్చాడు. వాడ నడుమ, గట్టయ్య ఇంటి ముందు, వీధి మధ్యలో దాన్ని పెట్టాడు. చేప ఒకసారి కొట్టుకుంది, నీళ్లు మట్టి మీద చిందాయి. అటూ ఇటూ గడపల్లో మనుషులున్నారు. బీడీలు కాలుతున్నాయి, ఒక టీవీ మోగుతోంది. రహమాన్ బకెట్టుకు వీపు పెట్టి నిలబడ్డాడు. తువ్వాల తీసి కళ్లకు గట్టిగా కట్టుకున్నాడు. ఈసారి ఆయనే అరిచాడు.

"గీ చేప ఎవలిది?"

టీవీ ఎవరో కట్టేశారు.

"గీ చేప ఎవలిది?"

ముప్పై రెండు గడపల్లో ఒక్కరు కూడా పేరు చెప్పలేదు. ఎక్కడో తలుపు గొళ్లెం పడింది, ఆ పక్కన ఇంకోటి పడింది. మూడోసారి కూడా అడిగి, రహమాన్ తువ్వాల విప్పి భుజాన వేసుకొని, బకెట్టు అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు.